మబ్బు ఎవరిది?

మా అప్పడాల కంపెనీలో వైశాఖం వెళ్లేసరికి ఒక్క సమస్య కూడా మిగల్లేదు. ఉన్నవి తీరలేదు, కొత్తవి రావడమూ మానలేదు, అయినా లెక్కకి ఒక్కటీ లేదు. ఈ వింత ఎలా జరిగిందో కళ్లారా చూసిపోదామని కాకినాడ నుంచీ రాజమండ్రి నుంచీ వ్యాపారస్తులు కార్లు వేసుకుని వచ్చారు. ఆ రోజు వాళ్లకి నేను చెప్పలేకపోయిన సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రామచంద్రపురం వెళ్లే కాలవ రోడ్డు మీద మాదొక మేడ. కింద పిండి కలిపి అప్పడాలు ఒత్తుతారు. పైన డాబా మీద చాపలు పరిచి ఆరబెడతారు. కంపెనీ పెట్టింది మంగాయమ్మగారు. ఆవిడ పోయాక కొడుకు వీర్రాఘవరెడ్డిగారు నడుపుతున్నారు. నా పేరు సత్యలింగం, అక్కడ మేనేజర్ని. డాబా మీద పెత్తనం అచ్చియ్యమ్మది. కాలవ అవతల చేలల్లో పనిచేసేవాళ్లు ఆవిడ గొంతు వినే భోజనాలకి లేచేవారు.

మా దగ్గర రాసిపెట్టుకున్న నిబంధనలేవీ లేవు. మంగాయమ్మగారి నాటి నుంచీ వస్తున్న రివాజు మాత్రం ఒకటుంది. ఆకాశంలో మబ్బు ఎవరి కంట పడితే వాళ్లు "మబ్బోయ్" అని ఒక్క కేక పెట్టాలి. ఆ కేక వినబడితే పిండి కలిపేవాళ్లు పిండి చేతులతోనే, ప్యాకింగువాళ్లు కత్తెరలు పడేసి, నేను పెన్ను చెవిలో దోపుకుని, రెడ్డిగారు పంచె ఎగగట్టుకుని డాబా ఎక్కాలి. ఎవరు అరిచారు, నిజంగా వాన పడుతుందా అని ఆరా తీసే పని లేదు. ఒకసారి కేక పెట్టింది కరెంటు మీటరు చూసుకుపోవడానికి వచ్చిన మనిషి. అతను కూడా రెండు చాపలు కిందికి మోసి, టీ తాగి వెళ్లాడు.

ఆ వేసవిలో మాకు గడ్డుకాలం వచ్చింది. మిషను అప్పడాలు బజారంతా నిండిపోయి మా చేతి అప్పడాల్ని అడిగేవాడు కరువయ్యాడు. అలాంటప్పుడు హైదరాబాదులో ఓ పెద్ద దుకాణాలవాళ్లకి మా అప్పడం రుచి తగిలింది. లారీ నిండా సరుకు చెప్పిన రోజుకి అందిస్తే ఏడాది పొడుగునా కొంటామన్నారు, అందకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నారు.

"ఈ లారీ గాని వెళ్లకపోతే వానాకాలం తలుపులు మూసెయ్యడమేనండి లింగంగారూ. ఆడవాళ్లందర్నీ ఇళ్లకి పంపెయ్యాలి. ఈ మాట ఎవరితోనూ అనకండి," అన్నారు రెడ్డిగారు.

నేను ఎవరితోనూ అనలేదు. సాయంత్రానికి డాబా మీద అందరికీ తెలిసిపోయింది.

ఆ దిగులులో ఉండగా ఎవరో స్నేహితుడు ఆయన్ని సముద్రపుటొడ్డున ఏదో రిసార్టులో జరిగే నాయకత్వ శిక్షణకి లాక్కుపోయాడు. వెళ్లేటప్పుడు రెడ్డిగారు పంచెతో వెళ్లారు. వచ్చేటప్పుడు ప్యాంటుతో వచ్చారు, వెంట ఒక కోచ్‌గారిని కూడా తెచ్చుకున్నారు.

కోచ్‌గారి పేరు అభిరామ్ కశ్యప్. నున్నటి గుండు, చక్కగా దువ్విన గడ్డం, ఎండలోనూ విప్పని కోటు. మా కంపెనీ అంతా ఒక చుట్టు చుట్టి, అందర్నీ కింద హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి, రెడ్డిగారి వైపు చెయ్యి చూపించారు.

"ఈ సంస్థలో నేను గమనించిన మౌలికమైన లోపం ఒక్కటే. వీరు ఉన్నారు," అన్నారు.

రెడ్డిగారు సిగ్గుపడుతూ తలూపారు.

"నాయకుడు కూర్చున్నంతకాలం బాధ్యత ఆయన దగ్గరే కూర్చుంటుంది. ఆయన తనను తాను ఉపసంహరించుకుంటే బాధ్యతకు విముక్తి కలుగుతుంది. అది స్వేచ్ఛగా సంచరించి అర్హులపై వాలుతుంది. అప్పుడే స్వయంనిర్వహణ, జవాబుదారీతనం గల బృందాలు వికసిస్తాయి."

"అంటే రెడ్డిగారు మానేస్తారాండీ?" అని అడిగింది అచ్చియ్యమ్మ.

"మానరు. ఉంటూనే ఉండరు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాడు డబ్బిచ్చి మరీ పిలిపించుకుంటే ఇక చెప్పాలా. మర్నాటికి రెడ్డిగారి గది "మౌన మందిరం" అయింది. నా మేనేజరు బోర్డు ఊడబెరికారు. నేను ఇకమీదట సహప్రయాణికుణ్ణట. నా చేతుల కుర్చీ అధికారానికి చిహ్నమని తీసేసి, దాని బదులు ఒక గుండ్రటి స్టూలు ఇచ్చారు. నడుంనొప్పి మాత్రం నాకే ఉంచారు. వాచ్‌మన్ నూకరాజు ద్వార బృందం అయ్యాడు, ఒక్కడే ఉన్నా సరే. అందరి గుండెల మీదా "నాదే బాధ్యత" అని బ్యాడ్జీలు గుచ్చారు.

అసలు సూత్రం ఆ తర్వాత వచ్చింది. దాన్ని పెద్దక్షరాలతో రాయించి గోడకి కొట్టించారు. సమస్యను మొదట చూసినవారే దాని యజమాని. ఆ యజమాని దాన్ని ఒంటరిగా పరిష్కరించాలి, మూలకారణం కనిపెట్టాలి, అది మళ్లీ రాదని బృందాల ముందు హామీ ఇవ్వాలి. ఇతరులెవరూ చెయ్యి వెయ్యకూడదు.

"సాయం చేయడమంటే ఆ మనిషి ఎదుగుదలను దొంగిలించడమే," అన్నారు కోచ్‌గారు.

సూత్రం పక్కనే ఒక నల్లబల్ల పెట్టారు. దాని మీద ఏ రోజుకారోజు కంపెనీలో ఎన్ని సమస్యలున్నాయో అంకె వేస్తారు. అంకె సున్నా అయిన సంస్థకి కోచ్‌గారి తరఫున ఒక ప్రశంసాపత్రం ఉంటుందనీ, దాన్ని చూపిస్తే హైదరాబాదువాళ్లు కళ్లు మూసుకుని సరుకు కొంటారనీ రెడ్డిగారికి చెప్పారు. ఆ ఆశే ఆయన్ని ముంచింది. మనిషి చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

మొదట బలైనవాడు ప్యాకింగులో పనిచేసే వీరభద్రం. నలభై ఏళ్ల మనిషి, అమాయకుడు. మర్నాడు పొద్దున్న సమావేశంలో లేచి, "పెరట్లో కొళాయి కారుతోందండి," అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. కొళాయి అతనిదైపోయింది. పాపం దాన్ని తిప్పుతూ తిప్పుతూ చేతికి ఊడబెరుక్కున్నాడు. నీళ్లు పెరడంతా పారితే, "నీళ్లండీ," అన్నాడు. నీళ్లు కూడా అతనివయ్యాయి. ఆ నీళ్లలో తనే జారి పడి, "నడుమండీ," అన్నాడు. సాయంత్రం నడుం పట్టుకుని నించుని, ఇకపై కొళాయిలు కారవని అందరి ముందూ హామీ ఇచ్చాడు.

ఆ తర్వాత భద్రం పెరటి వైపు మెడ తిప్పడం మానేశాడు. మెడ పట్టేసిందేమో అని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆ మెడ నాదవుతుందని ఊరుకున్నాను.

రెండోది అచ్చియ్యమ్మ. ఆవిడకి రివాజు రక్తంలో ఉంది. ఓ మధ్యాహ్నం పడమటి మూల నల్లగా కనబడేసరికి నోరు అదుపులో లేక "మబ్బోయ్" అని అరిచింది. మేమంతా లేచాం. లేచినవాళ్లం లేచినట్టే ఆగిపోయాం. మెట్ల దగ్గర కోచ్‌గారు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నారు.

"కూర్చోండి. ఆ మబ్బు ఆమెది."

అచ్చియ్యమ్మ ఒక్కత్తీ డాబా నిండా పరిచిన చాపలన్నీ చుట్టి, మోసి, మెట్ల గదిలో పడేసింది. మేం కింద కూర్చుని ఆవిడ అడుగుల చప్పుడు వింటూ ఉన్నాం. మంచో చెడో ఆ మబ్బు చినుకు రాల్చకుండా ద్రాక్షారామం వైపు వెళ్లిపోయింది. అప్పుడు ఆవిడ చేతే చాపలన్నీ మళ్లీ పరిపించారు. సాయంత్రం మూలకారణ విచారణ పెట్టారు.

"అచ్చియ్యమ్మగారూ, ఈ మబ్బుకు యాజమాన్యం స్వీకరించినందుకు ముందుగా మీకు అభినందనలు," అన్నారు కోచ్‌గారు. "ఇప్పుడు ఎందుకు, ఎందుకు అని ప్రశ్నించుకుంటూ మూలానికి చేరుకుందాం. మబ్బు ఎందుకు వచ్చింది?"

"గాలేసిందండి."

"గాలి ఎందుకు వేసింది?"

"ఎండ కాసిందండి మరి."

"ఎండ ఎందుకు కాసింది?"

అచ్చియ్యమ్మ నా వంక చూసింది. నేను నా బ్యాడ్జీ వంక చూసుకున్నాను.

"ఎండ కాయకపోతే అప్పడాలు ఎలా ఆరతాయండి బాబూ."

"బాగుంది. దగ్గరికి వస్తున్నాం. అయితే నిన్న కూడా ఎండ కాసింది. నిన్న ఈ సమస్య ఎందుకు లేదు?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "నిన్న నేను పైకి చూళ్లేదండి."

కోచ్‌గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. "విన్నారా. ఒక సామాన్య బృంద సభ్యురాలు స్వయంగా మూలకారణాన్ని ఆవిష్కరించింది. పైకి చూడటం. మరి ఇది పునరావృతం కాకుండా ఏ చర్యలు తీసుకుంటారు?"

"ఇక పైకి చూడనండి," అంది అచ్చియ్యమ్మ.

చప్పట్లు కొట్టాం. రెడ్డిగారు అందరికంటే గట్టిగా కొట్టారు. అచ్చియ్యమ్మ మాట ఇస్తే తప్పే మనిషి కాదు. మర్నాటి నుంచీ పైట చెంగు కళ్ల మీదికి దింపుకుని నేల చూపులతోనే డాబా మీద పని చేసింది. ఆవిణ్ణి చూసి మిగతా ఆడవాళ్లూ అలాగే చేశారు.

దాంతో మా కంపెనీ దారిన పడింది. నల్లబల్ల మీద అంకె రోజురోజుకీ తగ్గింది. ఓ రోజు పక్కింటివాళ్ల మేక ప్యాకింగు గదిలోకి వచ్చి, బుట్ట పడేసి, తీరిగ్గా అప్పడాలు తింటూ నిలబడింది. మనుషులు దాని చుట్టూ తిరిగి వెళ్లారు. ఒకామె దానికి తగిలి, "తప్పుకోండమ్మా," అని మర్యాదగా అంది. మేక అని ఎవరూ అనలేదు. నాకైతే దాని మీద పిచ్చి కోపం వచ్చింది, కర్ర పుచ్చుకుని తరుముదామనిపించింది. తరిమితే చూసినట్టే కదా. అది కడుపు నింపుకుని తనంతట తనే వెళ్లిపోయింది. ఆ రోజు బల్ల మీద అంకె రెండు. ఆ రెండూ భద్రానివే, పాతవి.

రెడ్డిగారి పని మరీ ఘోరం. బృందాలు తమ సభ్యుల్ని తామే ఎంచుకోవాలని కోచ్‌గారు ఇంకో నియమం పెట్టారు, రెడ్డిగారిని ఎవరూ ఎంచుకోలేదు. ఒత్తే బృందం ఆయన చేత ఒక అప్పడం ఒత్తించి చూసి, కోడిగుడ్డులా వచ్చిందని పంపేసింది. పిండి బృందం ఆలోచించి చెబుతామంది. ఆయన నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుని, "నేను ఎదుగుతున్నానంటారా లింగంగారూ?" అని అడిగేవారు. కోచ్‌గారి సమక్షంలో అయితే అవునన్నాను. ఆయన లేనప్పుడు కూడా అవుననే అన్నాను, కాదంటే ఆయన నా సమస్య అవుతారని.

చివరికి ఓ శుక్రవారం బల్ల మీద సున్నా వచ్చింది. కోచ్‌గారు దాన్ని రకరకాలుగా ఫోటోలు తీసుకున్నారు. తన దగ్గర శిక్షణ పొందే వ్యాపారస్తులందర్నీ మా దగ్గరికి తీసుకొచ్చి, వాళ్ల ఎదుట ప్రశంసాపత్రం ఇస్తానన్నారు. సభ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే డాబా మీదే అన్నారు. "ఆకాశమే హద్దు" అని బ్యానరు కూడా రాయించారు. సరిగ్గా ఆ సభ రోజు సాయంత్రమే హైదరాబాదు లారీ బయల్దేరాలి. ఆఖరి సరుకంతా డాబా మీదే ఆరుతోంది. సగం డాబా అప్పడాలకి, సగం సభకి అని పంచారు.

ఆ రోజు ఎండ ఉదయం నుంచే చురచురలాడింది. రెడ్డిగారు కొత్త కోటు కుట్టించుకున్నారు, లేత గోధుమ రంగు. ప్యాకింగు గదిలో అతిథుల కోసం ఎదురుచూస్తూ ఒక కుర్చీలో వెనక్కి వాలారు. ఆ కుర్చీకి ఒక స్టిక్కరు అంటుకుని ఉంది. విరిగిన అప్పడాల బుట్టల మీద అంటించడానికి మేం ఎర్రటి స్టిక్కర్లు వాడతాం, వాటి మీద "పనికిరాదు" అని ఉంటుంది. జిగురు మహా గట్టిది. రెడ్డిగారు లేచేసరికి అది కుర్చీని వదిలి ఆయన వీపు మీదికి వచ్చేసింది.

భద్రం చూశాడు. నూకరాజు చూశాడు. నేను చూశాను. ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, ముగ్గురం కిటికీలోంచి బయటికి చూశాం.

అతిథులు వచ్చారు. గేటు దగ్గరే కోచ్‌గారు అందరికీ బ్యాడ్జీలు గుచ్చి, సూత్రం వివరించారు. ఈ ప్రాంగణంలో అడుగుపెట్టాక చూసినవారిదే బాధ్యత అన్నారు. వాళ్లు భక్తిగా విన్నారు. రెడ్డిగారు ముందు నడిచి మెట్లెక్కుతుంటే వెనక వ్యాపారస్తులంతా వరసగా ఎక్కారు. అందరూ చదువుకున్నవాళ్లే, అందరూ ఆ వీపు చదివారు. ఒకాయన నోరు తెరిచి, తన బ్యాడ్జీ చూసుకుని, మూసుకున్నారు.

డాబా మీద వేదిక కట్టాం. మంగాయమ్మగారి ఫోటోకి దండ వేసి పక్కన పెట్టాం. అవతలి సగంలో అచ్చియ్యమ్మ, ఆవిడ జట్టు తలలు వంచుకుని చాపల మధ్య నిలబడ్డారు. కోచ్‌గారు మైకు పుచ్చుకున్నారు.

"మిత్రులారా, మీరిప్పుడు ఒక చారిత్రక నిశ్శబ్దాన్ని వింటున్నారు. ఇక్కడ ఆజ్ఞలు లేవు, ఫిర్యాదులు లేవు. ప్రతి వ్యక్తీ తన పరిధిలో తాను సంపూర్ణుడు."

అప్పుడే పడమటి నుంచి చల్లగాలి ఒకటి వచ్చి బ్యానర్ని తపతపలాడించింది. నేను ఆకాశం వైపు చూడలేదు. చూడకపోయినా తెలిసిపోయింది, కోచ్‌గారి గుండు మీద మెరుపు పోయి నీడ పడింది. ముందు వరసలో ఒకావిడ నల్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుంది. వెలుతురు తగ్గిందని మాత్రం ఆవిడ అనలేదు.

"సమస్య అన్నది బయట ఉండదు. చూసే కంటిలో ఉంటుంది," అంటున్నారు కోచ్‌గారు. దూరంగా ఉరిమింది. ఆయన ఒక్క క్షణం ఆగి, "మీ ఉత్సాహానికి ధన్యవాదాలు," అన్నారు.

రెడ్డిగారు తల ఎత్తారు. వేదిక మీద కూర్చున్న మనిషి, పడమటి వైపే మొహం. మబ్బు ఆయనకి ఎదురుగా ఉంది. కాటుక పెట్టినట్టు నల్లగా, అరటితోటల మీద నుంచి మా మీదికే వస్తోంది. ఆయన నా వైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూశాను. ఆయన అచ్చియ్యమ్మ వైపు చూశారు. ఆవిడ చెంగు కింద నుంచి ఆవిడ గడ్డం తప్ప ఏమీ కనబడలేదు. కింద లారీ నిలబడి ఉంది, డ్రైవరు నిద్రపోతున్నాడు.

నాకు భయం వేసింది. ఇందులో హాస్యం లేదు. వానాకాలమంతా ఆ ఆడవాళ్లు ఏం తింటారు అనిపించింది, నేనేం తింటాను అని కూడా అనిపించింది. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరిస్తే పత్రం పోతుంది, సున్నా పోతుంది, అప్పడాలు చెడితే ఆ తప్పు నాదవుతుంది. తెరవకపోతే ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని తప్పు ఎంత హాయిగా ఉంటుందో ఈ కొద్ది రోజుల్లో నాకు బాగా అలవాటైంది.

మొదటి చినుకు కోచ్‌గారి గుండు నడినెత్తిన టప్పుమని పడింది. ఆయన జేబురుమాలుతో తుడుచుకుని, "ఇప్పుడు ఆ శుభ ఘడియ వచ్చింది," అంటూ ప్రశంసాపత్రం ఎత్తి పట్టుకున్నారు. గాలికి మంగాయమ్మగారి ఫోటో బోర్లా పడింది.

రెడ్డిగారు లేచి నిలబడ్డారు. పత్రం కోసం చెయ్యి చాపుతారనుకున్నాం. ఆయన ప్యాంటునే పంచె అనుకుని ఎగగట్టబోయి, చేతికి ఏమీ దొరక్క, ఆ చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"మబ్బోయ్."

అంత పెద్ద గొంతు ఆయనకి ఉందని నాకు తెలీదు. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ కేక విని చాలా రోజులైంది గదా, అది మన కోసమేనా అన్నట్టు నిలబడిపోయాం. తర్వాత అచ్చియ్యమ్మ చెంగు పైకి తోసింది. ఆ తర్వాత ఎవరు ఎటు పరిగెత్తారో చెప్పడం కష్టం. భద్రం పట్టేసిన మెడ దానంతటదే వదిలింది. నేను బ్యాడ్జీ విసిరేసి చాప కొస అందుకున్నాను. వ్యాపారస్తులు కుర్చీలు తన్నుకుంటూ లేచి, బూట్లతోనే చాపల్లోకి దిగబోతే, అచ్చియ్యమ్మ, "బూట్లండీ, బూట్లు ఇప్పండి," అని కసిరింది. పెద్దపెద్ద మిల్లులున్నవాళ్లు చటుక్కున ఇప్పారు.

"ఆగండి," అంటున్నారు కోచ్‌గారు మైకులో. "దయచేసి ఎవరూ సాయం చేయకండి. ఆయన ఎదుగుదలకు..."

"ఆ మైకక్కడ పెట్టి ఈ కొస అట్టుకోండి బాబూ," అంది అచ్చియ్యమ్మ.

ఆయన పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకే తెలీదు. మెట్ల దాకా మోసి, ఇంకోటి తీసుకెళ్లడానికి తిరిగి వచ్చారు కూడా.

తూర్పు చివర పరిచిన చాపలు మాకు దక్కలేదు. అవి మళ్లీ పిండి ముద్దలైపోయాయి. మిగిలిందంతా దక్కింది. లారీ నిండడానికి కాస్త వెలితి పడితే ముందే ఆరి కింద గదిలో ఉన్న సరుకుతో సర్దాం. కుండపోతగా పడుతున్న వానలో మేమంతా మెట్ల గదిలో ఒకరినొకరు ఒరుసుకుంటూ, తడిసి, రొప్పుతూ నిలబడ్డాం. అప్పుడు అచ్చియ్యమ్మ జుట్టు పిండుకుని ముడేసుకుని రెడ్డిగారి ఎదురుగా వచ్చింది.

"బాబుగారూ, మబ్బుకి మీరే ఓనరండి. మరి ఇచారణ చెయ్యాలి గదండి. ఎందుకు అరిచేరండి?"

అందరూ నవ్వారు. రెడ్డిగారు నవ్వలేదు. "మబ్బు చూశాను."

"మబ్బు అందరం చూసేమండి. మీరే ఎందుకు అరిచేరు?"

"కింద లారీ ఉంది కదా."

"లారీ ఎల్లకపోతే ఏటండి?"

"మీకు పనుండదు."

"మాకు పని లేకపోతే మీకేటండి? మీ ఇంట్లో బియ్యం నిండుకోవు గదా."

ఎప్పుడు తీశారో, తడిసిన మంగాయమ్మగారి ఫోటో రెడ్డిగారి చంకలో ఉంది. దాన్ని కోటు చేతితో తుడిచారు.

"ఈవిడకి నేను జవాబు చెప్పుకోవాలి అచ్చియ్యమ్మా," అన్నారు.

అచ్చియ్యమ్మ గొంతు తగ్గించి, "మరి మళ్లీ రాకుండా ఏం చేస్తారండి?" అంది.

"మబ్బు రాకుండా ఎలా ఉంటుంది. వచ్చినప్పుడల్లా అరుస్తాను. నేను లేకపోతే నువ్వు కేక పెట్టు. ఎవరు అరిచినా అందరూ ఎక్కండి."

ఆ మాటకి నేను జేబులో పెన్ను తీసి, పాత అలవాటు ప్రకారం చెవిలో దోపుకున్నాను.

కోచ్‌గారు మాత్రం అప్పటికే తేరుకున్నారు. తడిసిన ఫోనులో ఏదో చెప్పుకుంటున్నారు. "అద్భుతం. నాయకుడు లేని సంస్థలో నాయకుడు ఆవిర్భవించాడు. వచ్చే నెల శిక్షణకు ఇదే పాఠ్యాంశం." తర్వాత రెడ్డిగారి దగ్గరికి వచ్చి, చాలా విచారంగా ఒక మాట చెప్పారు. ఈ రోజు ఒక సమస్య నమోదైంది కనక అంకె ఒకటి, అందువల్ల ప్రశంసాపత్రం ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవట. దాన్ని జాగ్రత్తగా చుట్టి సంచీలో పెట్టేసుకున్నారు.

"నా గదికి పాత బోర్డు పెట్టించండి లింగంగారూ. మీ కుర్చీ కూడా తెచ్చుకోండి," అన్నారు రెడ్డిగారు నాతో.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. "అయ్యా, మీ కోటు వెనకాల ఒక స్టిక్కరుంది," అన్నాను.

"ఎప్పట్నుంచీ?"

"పొద్దుట్నుంచీ."

ఆయన నా వంక చాలాసేపు చూశారు. నేను తల వంచుకుని ఆ స్టిక్కరు పీకాను. వానకి నాని కూడా దాని జిగురు చెక్కుచెదరలేదు. నా వేళ్లకే అంటుకున్న దాన్ని పారేద్దామంటే చెత్తబుట్ట కనబడలేదు. అది మాయమై చాలా రోజులైంది, ఎవరూ చూడలేదు.

ఈలోగా వాన వెలిసింది, కోచ్‌గారు బయల్దేరారు. అందరి దగ్గరా సెలవు తీసుకుంటూ నా దగ్గరికి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. అది వాళ్ల పద్ధతిట. ఎదుటివాడు కౌగిలించుకుంటే మనమూ వీపు మీద చెయ్యి వేసి నిమరడం మర్యాద. నేను మర్యాద తప్పలేదు. చెయ్యి తీసేసరికి నా వేళ్లకి ఏమీ లేదు.

ఆయన వ్యాపారస్తులందరితోనూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి మాట్లాడుతూ, వెనక్కి తిరుగుతూ, కారు దాకా నడిచారు. బ్యాడ్జీలు ఇంకా తీయలేదు వాళ్లు. ఒకాయన దగ్గాడు. ఒకావిడ మళ్లీ నల్లద్దాలు పెట్టుకుంది. కారు కాలవ వంతెన దాటి వెళ్లిపోయింది.

హైదరాబాదు వెళ్లాక ఆయన అదే కోటుతో రెండు పెద్ద సభల్లో మాట్లాడారని, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని తర్వాత తెలిసింది. స్టిక్కరు సంగతి ఆయనకి ఎవరైనా చెప్పారేమో నాకు తెలీదు. చెప్పి ఉండరు. ఆయన శిక్షణ అలాంటిది.